నమ్మనివాని శిష్యురాళ్ళు

సుంకమ్మ పోయిన ఏడు బాప్తిస్మం పరీక్షలో తప్పింది. పది ఆజ్ఞలూ నోటికి వచ్చాయి గానీ, దొంగతనం చేయరాదన్న మాటను నరహత్య చేయరాదన్న దానికంటే ముందు చెప్పింది. నంద్యాల నుంచి పరీక్ష చేయడానికి వచ్చిన ఏసేపు అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, వరుస తప్పిందమ్మా, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. ఆయన కసిరిందీ లేదు, కోప్పడిందీ లేదు. అయినా తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయిన మనిషి నెత్తిన నీళ్ళ చుక్క పడకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఆమె మొగుడు కంబన్న ఇదంతా గుడి గుమ్మం బయట నిలబడి విన్నాడు. అతను లోపలికి రాడు. బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో బండలు చీల్చే కంబన్నకు దేవుడు లేడు. మద్దిలేటి స్వామి తిరునాళ్ళకు పోడు, పీర్ల పండుగకు గుండం తొక్కడు, ఆదివారం గుడికీ పోడు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివి, ఆ చదువుతోనే వాళ్ళ గ్రంథం మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇది నాకు కుదరదని పక్కన పెట్టిన మొండిఘటం. దేవుడు లేడని రాసే పత్రిక ఒకటి మద్రాసు నుంచి రైల్వేవాళ్ళ చేత తెప్పించుకుని మరీ చదువుతాడు. అట్లాంటివాడికి పెండ్లాం బాప్తిస్మం తప్పిపోతే సంతోషం కావాలి. కాలేదు. పుట్టి బుద్ధెరిగి పరాయివాళ్ళ చేలో కంకి ముట్టని మనిషిని, దొంగతనం మాట వరుస తప్పి చెప్పిందని వెనక్కి పంపడం అతనికి ఒళ్ళు మండించింది. కోపం తెచ్చుకుందామంటే దేవుడు లేడు కాబట్టి, ఆ కోపమంతా ఏసేపు అయ్యగారి మీదే నిలిచిపోయింది.

ఈ ఏడు, అంటే 1937లో, అయ్యగారు వానలు పడ్డాక వస్తారులే అని అందరూ తీరుబాటుగా ఉండగా, ఒక సోమవారం పొద్దున స్టేషను నుంచి కబురు వచ్చింది. ఈ ఆదివారమే వస్తున్నారట. వాళ్ళుండే పేటలో ప్రార్థనలు జరిపి పాఠాలు చెప్పే ఉపదేశి ప్రేమయ్యకు ఆ కబురు మంచంలో అందింది. దిగుడుబావి నీళ్ళ పుణ్యమా అని ఆ ఎండాకాలం అతని కాలికి నారికురుపు లేచింది. చీలమండ పైన పుండు పగిలి దారం లాంటి పురుగు తల బయట పెట్టింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కాస్త, రోజుకు కాస్త లాగాలి. తొందరపడితే లోపలే తెగి కాలంతా చీము పడుతుంది. అందుకని ప్రేమయ్య పుల్ల కట్టిన కాలును దిండు మీద పెట్టుకుని, జ్వరంతో మూలుగుతూ పడి ఉన్నాడు.

కంబన్న పనికి పోతూ అతన్ని చూడటానికి ఆగాడు. ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక వాళ్ళిద్దరూ గుడి అరుగు మీద కూర్చుని, దేవుడు ఉన్నాడా లేడా అని పోట్లాడుకుంటారు. పేటంతా చుట్టూ చేరి వింటుంది. ప్రార్థనకు రానివాళ్ళు కూడా దానికి వస్తారు. ఏళ్ళ తరబడి సాగుతున్నా ఎవరూ గెలవలేదు. ఒకరింట్లో ఒకరు సంగటి తినడమూ మానలేదు.

ఆ పొద్దు ప్రేమయ్య పోట్లాటకు దిగలేదు. భార్య రత్నమణిని నీళ్ళు తెమ్మని బయటికి పంపి, అడగలేక అడగలేక ఒక సాయం అడిగాడు. పరీక్షకు నిలబడేది ఇద్దరు, సుంకమ్మా, ముసలి గిడ్డమ్మా. ఇద్దరికీ చదువు రాదు. పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగి, జవాబు వినిపించి, మళ్ళీ మళ్ళీ చెప్పించాలి. వాళ్ళేమో తెల్లారగానే గనికి పోయి పొద్దు గూకాక ఇల్లు చేరతారు. తను మంచం దిగలేడు. పేటలో ఆ పుస్తకం తడుముకోకుండా చదవగలిగిన మనిషి, తను కాక, ఇంకొక్కడే ఉన్నాడు.

"నువ్వు నమ్మాల్సిన పని లేదు కంబన్నా," అన్నాడు. "ఉండేది ఉన్నట్టు చెప్పించు, చాలు. ఈసారి కూడా తప్పితే మీ సుంకమ్మ మళ్ళా పరీక్షకు నిలబడదు. ఆ మాట నాతోనే అనింది."

కంబన్నకు ఆ సంగతి తెలియదు. ఆమె తనతో అనలేదు. గూట్లో ఉన్న ప్రశ్నోత్తరాల పుస్తకం తీసి, తుండుగుడ్డలో చుట్టుకుని లేచాడు. వరుస తప్పకుండా చెప్పిస్తానని, ఈసారి మీ అయ్యగారికి కళ్ళద్దాలు తుడుచుకునే సందు ఇవ్వనని మాట ఇచ్చి పోయాడు.

నాపరాయి నేలలో పొర మీద పొరగా ఉంటుంది. పొర సందున ఉలులు వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదాని మీద సమ్మెటతో మెల్లగా కొడుతూ పోవాలి. రాయి గంటలాగా మోగుతున్నంతసేపూ పొర పట్టుకుని ఉన్నట్టు. మోత బొంగురు పోయిందంటే విడుతోందని అర్థం. అప్పుడు గునపం దూర్చి ఎత్తితే బండ పలకలాగా లేస్తుంది. చీల్చడం మగవాళ్ళ పని. చిప్పలూ ముక్కలూ గంపలకెత్తుకుని గోతిలోంచి గట్టు మీదికి మోసుకుపోయి పారబోయడం ఆడవాళ్ళ పని. కంబన్న బడి ఈ పనిలోనే నడిచింది. గంప నింపి నెత్తికెత్తేటప్పుడు ప్రశ్న అడుగుతాడు. ఆమె గట్టెక్కి, పారబోసి, ఖాళీ గంపతో దిగి వచ్చేలోపల జవాబు నెమరు వేసుకుని వచ్చి చెప్పాలి. తప్పితే అదే ప్రశ్న మళ్ళీ గంపతో పాటు నెత్తికెక్కుతుంది.

నిన్ను చేసినది ఎవరు అన్నది పుస్తకంలో మొదటి ప్రశ్న. దేవుడు అన్నది జవాబు. దానికి గట్టెక్కి రావాల్సిన పని కూడా లేదు. సుంకమ్మ అక్కడికక్కడే చెప్పేసింది. కంబన్న అక్కడితో ఆగి రెండో ప్రశ్నకు పోవాల్సింది. కానీ ఇరవై ఏళ్ళుగా పోట్లాడుతున్న నోరు ఊరికే ఉంటుందా? ఎవరు చూసినారు అని అడిగేశాడు.

సుంకమ్మ గంప మోసుకుపోయింది. దిగి వచ్చి, మా అమ్మ నన్ను కనేటప్పుడు నేను చూడలేదు గదా, అయినా అమ్మా అనే పిలిచినాను అంది. నువ్వు చూడకపోతే మంత్రసాని చూసింది, దేవుడు చేసేటప్పుడు చూసిన మంత్రసాని యాడుండాదో చూపించు అన్నాడు కంబన్న. పక్కన సమ్మెట పట్టిన ఇమాం వలి గట్టిగా నవ్వాడు. నవ్వి, దేవుడున్నాడనే విషయంలో తాను వదినమ్మ వైపేనని, కానీ ఈ దెబ్బ మాత్రం అన్నదేనని తీర్పు చెప్పాడు. సుంకమ్మ ఆ మాటనే నెమరు వేసుకుంటూ పొద్దు గూకేదాకా గంపలు మోసింది. ఇంటికి పోయాక సంగటి కెలుకుతూ కూడా అదే నెమరు.

మరునాడు మొదటి గంప దించుతూనే చెప్పింది. "ఎవురూ చూడలేదు. చూసింటే, తెలుసు అంటాం. చూడలేదు కాబట్టే, నమ్ముతాండాం అంటాం."

కంబన్న సమ్మెట దించి నిలబడ్డాడు. వాదం వాదమే, కానీ ఆ మాట అతనికి నచ్చింది. ఇంత బాగా మాట్లాడే మనిషి ఇన్నేళ్ళూ తన ఇంట్లోనే ఉండి, అరుగు మీద వాదాలు జరిగేటప్పుడు ఆడవాళ్ళ వెనక కూర్చుని చీర చెంగు నోట్లో పెట్టుకుని ఊరకుందే అని ఆశ్చర్యపోయాడు.

ఆ రోజు నుంచి పాఠం తీరు మారింది. పుస్తకం ప్రశ్న ఒకటి, కంబన్న ప్రశ్న ఒకటి. పొద్దున్నే మొదటి నుంచి తిరగేసేటప్పుడు కూడా అతను తన ప్రశ్నలను వాటి వాటి చోట్లలోనే మళ్ళీ అడిగేవాడు, జవాబు వినాలన్న ఆశ కొద్దీ. ఆజ్ఞల వరుస మాత్రం ఎంత చాదస్తంగా చెప్పించాడంటే, నిద్రలో లేపి అడిగినా సుంకమ్మకు నరహత్యే ముందొచ్చేది. ఎండ ఎంత మండినా గోతిలో ఆ వారమంతా ఉత్సాహంగా ఉండింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఏ ప్రశ్న నడుస్తోందో విందామని కంబన్న దగ్గరే గంపలు నింపించుకోసాగారు. మేస్త్రీ వచ్చి గొణిగి, ఒక జవాబు విని, గొణగడం మానేసి పోయాడు.

గిడ్డమ్మ దగ్గర మాత్రం కంబన్న ఒకసారి మాట జారాడు. ఆమెకు ముగ్గురు బిడ్డలు. ముగ్గురూ ఒకే ఏడు గత్తర జబ్బుకు పోయారు. మొగుడూ లేడు. దేవుడు ఎట్లాంటివాడు అన్నది పుస్తకం ప్రశ్న. మంచివాడు అన్నది జవాబు. ఆమె అది చెప్పగానే, వాదం వేడిలో, అంత మంచివాడైతే నీ బిడ్డలను ముగ్గురినీ ఎందుకు తీసకపాయె పెద్దమ్మా అనేశాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. సుంకమ్మ అతనివైపు ఒక చూపు చూసింది. గిడ్డమ్మ గంప సరిచేసుకుని గట్టెక్కింది. చాలాసేపు దిగి రాలేదు. కంబన్న ఉలి మీద దెబ్బ సరిగా వేయలేక, నిక్షేపం లాంటి బండను రెండు ముక్కలు చేశాడు. తిట్టుకుంటూ, పోయి కాళ్ళు పట్టుకుందామా అనుకుంటుండగా ముసలామె మెల్లగా దిగి వచ్చింది.

"అది నేను పైకి పోయినాక ఆయప్పనే అడుగుతా నాయనా," అంది. "అడగల్లంటే ఆయప్ప ఉండల్ల గదా. ఎవురూ లేకపోతే నేను ఎవుర్ని అడగల్ల?"

కంబన్న ఆమె నెత్తి మీది ఖాళీ గంపను తనే దించాడు. ఆ ప్రశ్న ఇంక అడగనులే పెద్దమ్మా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అడుగు నాయనా, చెప్పినప్పుడల్లా గుండె తేలికైతాండాది అంది. అందుకని దాన్ని కూడా దాని చోట్లోనే రోజూ అడిగాడు.

ఆదివారం ఏసేపు అయ్యగారు రైలు దిగి ఎద్దుల బండిలో వచ్చారు. నాపబండలు పరిచిన గుడిలో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. ప్రేమయ్యను మంచంతో సహా మోసుకొచ్చి వెనక గోడవార దించారు. బల్ల మీద ఇత్తడి గిన్నెలో నీళ్ళు పెట్టి గుడ్డ కప్పారు. తలంటుకుని, పోయిన ఏటి చీరే మళ్ళీ ఉతికి కట్టుకున్న సుంకమ్మ ముందుకు వచ్చి నిలబడింది. కంబన్న మామూలుగానే గుమ్మం బయట ఉన్నాడు. చేతులు మాత్రం మామూలుగా లేవు. పట్టుకోవడానికి సమ్మెట లేక ఊరికే ఆడుతున్నాయి.

అయ్యగారు ముందుగా ఆజ్ఞలు అడిగారు. సుంకమ్మ గంప దించినంత సులువుగా పదీ వరుసగా చెప్పింది. నరహత్య, వ్యభిచారం, దొంగతనం, దేని చోటులో అది. మంచం మీద ప్రేమయ్య కళ్ళు మూసుకుని తృప్తిగా తల ఊపాడు. తర్వాత అయ్యగారు పుస్తకం తెరిచి, నిన్ను చేసినది ఎవరమ్మా అన్నారు. దేవుడు అంది. బాగుందని ఆయన రెండో ప్రశ్న అందుకోబోతే, సుంకమ్మ చెయ్యెత్తి ఆపింది.

"సామీ, నడుమ ఒకటి ఇడిసిపెడితిరి," అంది మర్యాదగా. "ఎవురు చూసినారు అని అడగల్ల మీరు."

అయ్యగారు పుస్తకంలోకి చూశారు. పేజీ వెనక్కి తిప్పి చూశారు. గుమ్మం బయట కంబన్నకు నడినెత్తిన సమ్మెట పడ్డట్టయింది. చదువు రానివాళ్ళకు తన నోటి నుంచి వచ్చినదంతా ఒకే పాఠమని, ఏది పుస్తకానిదో ఏది తనదో వాళ్ళకు చెప్పనే లేదని అప్పుడు తట్టింది. ఇంకొక ఏడు కాదు, ఇక సుంకమ్మకు ఎప్పటికీ లేకుండా చేశాను గదా అనుకున్నాడు. మంచం మీద ప్రేమయ్య తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు.

అయ్యగారు పుస్తకం మూశారు. సరే, ఎవరు చూశారు అని అడిగారు. సుంకమ్మ చెప్పింది, చూసి ఉంటే తెలుసంటామని, చూడలేదు కాబట్టే నమ్ముతామంటామని. ఆయన కళ్ళద్దాలు తీశారు, కానీ తుడుచుకోవడం మరిచిపోయి అట్లాగే చేత్తో పట్టుకున్నారు. ఇంకేం విడిచిపెట్టానమ్మా అని అడిగారు. ఆమె ఒక్కొక్కటే గుర్తు చేసింది. ఆయన అడిగారు, ఆమె చెప్పింది. గిడ్డమ్మ వంతు వచ్చేసరికి, దేవుడు మంచివాడు అన్న జవాబు తర్వాత అయ్యగారే ఆగి, తరువాత ఏముంది అవ్వా అన్నారు. ముసలామె బిడ్డల ప్రశ్న తానే అడుక్కుని, తానే జవాబు చెప్పుకుంది.

ఈ పాఠం ఎవరు చెప్పారని అయ్యగారు అడిగారు. ప్రేమయ్య ఏదో అనబోతుండగా కంబన్న గుమ్మం దగ్గర నుంచే నేను అన్నాడు. ఆ ప్రశ్నలు తనవని, తప్పు తనదని, ఆడవాళ్ళను ఏమీ అనొద్దని చెప్పాడు. అయ్యగారు అతనివైపు చూసి నవ్వారు. తాను చదివిన పెద్ద బడిలో కూడా ఇంత గట్టిగా ఎవరూ నేర్పలేదన్నారు. ఇద్దరూ పరీక్షలో నెగ్గినట్టే అన్నారు. సుంకమ్మ మొహం వెలిగిపోయింది.

కానీ ఆయన మాట అక్కడితో అయిపోలేదు. పోయిన ఏడు ఇంకొక ఊళ్ళో, మొగుడు నమ్మని ఇంటి ఆడమనిషికి తాను బాప్తిస్మం ఇచ్చారట. ఆర్నెల్లు తిరక్కుండా మొగుడు ఆమెను కొట్టి జాతరకు ఈడ్చుకుపోయాడట. అప్పటి నుంచి ఆమె గుడి వైపే రాలేదు. మళ్ళీ ఆ తప్పు చేయనని ఒట్టు పెట్టుకున్నారట. గిడ్డమ్మకు అడ్డు లేదు, ఇప్పుడే ఇస్తారు. సుంకమ్మకు మాత్రం మొగుడితో కలిసే. "నీకు పాఠమంతా వచ్చు కదా కంబన్నా," అన్నారు. "నమ్ముతున్నానని ఒక్క మాట చెప్పు. ఇద్దరికీ ఈ పూటే ఇస్తాను. లేదంటే వచ్చే ఏడు చూద్దాం."

పోయిన ఏడు మొదలైన మంట కంబన్నకు మళ్ళీ పాదాల నుంచి పైకి లేచింది. నాలుగు మాటలతో కడిగేద్దామనుకుని సుంకమ్మను చూశాడు. ఆమె అతనివైపు చూడటం లేదు. ఇత్తడి గిన్నె వైపు చూస్తోంది. మొహంలో వెలుగు పోయింది, అయినా నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగడం లేదు. అతని కోపం చల్లారిపోయింది. ఒక్క మాట. లేని దేవుడి గురించి ఒక అబద్ధం చెబితే నష్టపోయేది ఎవరు? దేవుడా, లేడు. తనా, తన మొండితనం ఎంత, ఆమె ఆశ ముందు? చెప్పులు విడిచి, పుట్టాక మొదటిసారి ఆ గుమ్మం దాటాడు. పేటంతా తల తిప్పి చూసింది. పోయి సుంకమ్మ పక్కన నిలబడి, అడగండి అయ్యగారూ అన్నాడు.

నమ్ముతున్నావా అని అయ్యగారు అడిగారు. కంబన్న గొంతు సవరించుకున్నాడు. నమ్ము, అన్నంతవరకు వచ్చింది.

"వద్దు సామీ," అంది సుంకమ్మ. "ఆయప్ప నమ్మలేదు. నా మీది కనికరంతో చెప్తాండాడు. అబద్ధం ఆడగూడదని వారం పొద్దులు నా నెత్తికెక్కించింది ఆయప్పే. ఆయప్ప చేతనే అబద్ధం ఆడించి నేను నీళ్ళు పోయించుకోను. వచ్చే ఏడు వస్తా. కాకపోతే ఆపైన ఏడు వస్తా."

చెప్పి, ఆడవాళ్ళ వైపు పోయి తన చోట కూర్చుంది. కంబన్న ఒక్కడే బల్ల ముందు నిలబడిపోయాడు.

అయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని అతన్ని పరికించారు. తర్వాత గొంతు తగ్గించి, నిజం చెప్పు కంబన్నా అన్నారు. నమ్మలేదు అయ్యగారూ అన్నాడు కంబన్న. ఆమె గుడికి వస్తే ఏం చేస్తావని అడిగారు.

"ఏం చేసేదుండాది? ఆమె నమ్మేది ఆమె ఇష్టం. నేను నమ్మనిది నా ఇష్టం. ఆమెను అడ్డుకుంటే, రేపు నన్నెవరన్నా అడ్డుకుంటే నేనేమని అడగల్ల?"

అయ్యగారు లేచి గిన్నె మీది గుడ్డ తీశారు. తాను ఆ ఇంట్లో బలవంతం ఉంటుందేమోనని భయపడ్డానని, బలవంతం గానీ అబద్ధం గానీ ఆ ఇంట్లో చెల్లవని ఇప్పుడు తెలిసిందని అన్నారు. ముందు గిడ్డమ్మకు బాప్తిస్మం ఇచ్చి, తర్వాత సుంకమ్మను పేరు పెట్టి పిలిచారు. ఆమె వచ్చి తల వంచింది. నీళ్ళు నుదుటి మీదుగా కారి మెడలోకి దిగుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుంది. పక్కన నిలబడ్డ కంబన్న ఎటు చూడాలో తెలియక ఆమె తడి తలనే చూస్తూ ఉండిపోయాడు. ఆ నీళ్ళలో ఏమీ లేదని అతనికి తెలుసు. అయినా ఆమె సంతోషం అతనికి ఎంత సంతోషంగా ఉందంటే, వెనక్కి తిరిగి ప్రేమయ్యను చూసి పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వాడు.

మధ్యాహ్నం ఎండలో ఇద్దరూ ఇంటికి నడిచారు. కొంత దూరం పోయాక కంబన్న ఆగలేక అడిగాడు. నేను నమ్మాలని రోజూ మోకాళ్ళ మీద అడుక్కుంటావు గదా, తీరా నోటి దాకా వస్తే నువ్వే ఎందుకు కొట్టేస్తివి అని.

"నువ్వు నమ్మాలని అడుక్కుంటాండా. నమ్మినానని చెప్పాలని కాదు," అంది సుంకమ్మ.

అతను తల ఊపాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని, నడుస్తూనే అతని మొహంలోకి చూసింది.

"దేవుడు లేడని రేపు కూడా అంటావా?"

"అంటా."

"అను," అంది సుంకమ్మ. "ఇప్పుడు నువ్వు ఏం చెప్పినా నమ్ముతా, అదొక్కటి తప్ప."